లండన్ కెమెరాలో మా ఇంటి తలుపు

బడికి పోయే ఈడులో నాకు రంపం రెండో కొస పట్టే పని పడింది. మా నాయిన రామన్నపేటలో వడ్రంగి. ఆయనకు కొడుకుల్లేరు. అందుకే బడి ముఖం చూడక, అరవై దాటాకే మహిళా సంఘంలో అక్షరాలు దిద్దుకున్నాను. ఇది రాయడం ఇప్పటికి కుదిరింది.

మా మామ ఫోటోలు తీసేవాడు. ఆయన కెమెరా వానకు నాని విరిగితే, అద్దం ఒక్కటి ఉంచి, చెక్కపెట్టె మొత్తం మా నాయినే కొత్తగా చేశాడు. ముందు పలకకు మా ఇంటి పాత తలుపే కోశాడు. ఆ పరిచయంతోనే ఆయన పెద్దకొడుకుతో నా పెళ్లి కుదిరింది. ఇప్పుడా కెమెరా మరిది స్టూడియోలో, అద్దాల బీరువాలో ఉంది.

తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు, పాత కెమెరాలు ఎక్కడివో చెప్పే పెద్దమనిషి ఒకాయన హైదరాబాద్ నుంచి వచ్చాడు. తెల్ల చేతితొడుగులు వేసుకుని దాన్ని అటూ ఇటూ తిప్పాడు, చెక్కను వాసన చూశాడు. పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

"ఈ పసుపు మరకలు చూశారా? లండన్ వార్నిష్ పాతబడితే ఇలాగే ఉంటుంది" అన్నాడు.

"అది పసుపే సారూ. దసరకు దసరకు నేనే పెట్టిన."

"అయితే వార్నిష్ పసుపు కింద ఉంటుందమ్మా."

ముందు పలకలో పూడ్చిన రంధ్రం చూపించాను. "గిది మా తలుపు గొళ్లెం ఉన్న జాగా. మా నాయిన పూడ్చిండు."

ఆయన భూతద్దం పెట్టి చూసి, అది ఇంగ్లీషువాళ్ల పనితనమని మెచ్చుకున్నాడు. "మీ నాన్న చేస్తే పేరు చెక్కిన రేకు కొట్టుకునేవాడు కదా?"

"మా నాయినకు సదువు రాదు సారూ."

"రాసిన కాగితమేదైనా ఉందా?"

లేదు. మా నాయినకు మిగిలింది నా నోటి మాటే.

మరిది నన్ను పక్కకు పిలిచాడు. "వదినా, జర ఊకో. లండన్ అంటే దుకాణానికి ఇజ్జత్. రామన్నపేట చెక్కంటే ఎవడు సూస్తడు?"

పెద్దమనిషి 'లండన్ తయారీ' అని అట్ట మీద అందంగా రాసి, బీరువాలో పెట్టి, చాయ్ తాగి వెళ్లాడు. తలుపు కోసినప్పుడు మా అమ్మ పెట్టిన శాపనార్థాలు వినుంటే లండన్ పేరెత్తేవాడు కాదు.

మర్నాడు పొద్దున మరిది షటర్ ఎత్తేసరికి నేను మెట్ల మీదున్నాను. బీరువా తాళం అడిగి తీసుకున్నాను. అట్టను వెనక్కి తిప్పి, 'పెట్టె చేసింది మా నాయిన, రామన్నపేట' అని రాశాను.

"అక్షరాలు వంకర పోయినయ్, వదినా" అన్నాడు మరిది.

"పోనీ" అని, అట్టను కెమెరా ముందు నిలబెట్టి బీరువాకు తాళం వేశాను.