మాబు చెప్పిన తర్జుమా

మాబు ఆటగాడవుతాడని కువైట్‌లోని అమ్ఘరాలో ఎవరూ అనుకోలేదు. పద్దెనిమిదేళ్లకు రాయచోటి నుంచి వచ్చి, తుక్కు యార్డులో లారీల మీదికి ఇనుము ఎక్కించే పనిలో నాలుగేళ్లు గడిపాడు. ఎవరు ఏ ముక్క విసిరినా రెప్పపాటులో అందుకునేవాడు. అందుకోకపోతే ఏమవుతుందో పక్కవాళ్ల తెగిన వేళ్లు చూసి నేర్చుకున్నాడు.

అతన్ని ఆటలోకి లాగింది శివకుమార్. లక్కిరెడ్డిపల్లె మనిషి, సల్వాలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి పిల్లలు శుక్రవారాలు ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ నేర్చుకునేవాళ్లు. వాళ్లను గ్రౌండుకు తీసుకెళ్లి, బయటికొచ్చిన బంతుల్ని తిరిగి తన్నీ తన్నీ శివకుమార్ తానే పెద్దల జట్టులో చేరిపోయాడు. ఆ బంతి గుండ్రంగా ఉండదు, బొప్పాయి కాయలా కోలగా ఉంటుంది. తన్నవచ్చు, చేత్తో పట్టవచ్చు. గాలిలో వచ్చే బంతిని నేల తాకకముందే పట్టడం గొప్ప విద్య. అందుకోసం ముందున్నవాడి వీపు మీద మోకాలు ఆనించి ఎగిరినా తప్పు లేదు.

"తుక్కు పట్టే చేతులురా నీవి. నీకు బంతొక లెక్కా?" అన్నాడు శివకుమార్.

మొదటి రోజే మాబుకు రోత పుట్టింది. ఆట మీద కాదు, కోచ్ గ్రెగ్ మీద. ఆయన నోట్లోని పుదీనా చూయింగ్ గమ్ తీసి బెంచీ కింద అంటించి, అదే చేత్తో మాబు దండచెయ్యి పట్టుకుని సంతలో పొట్టేలును చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. నెల తిరక్కుండానే కెమెరా పట్టుకుని అమ్ఘరాకు వచ్చాడు. మాబును తుక్కు కుప్ప మీద నిలబెట్టి బూట్లు విప్పమన్నాడు.

"బూట్లున్నాయి సార్ నాకు."

"తెలుసు. ఉత్త కాళ్లయితే చూసేవాళ్ల మనసు కరుగుతుంది."

ఆ వీడియో రాయచోటి దాకా వెళ్లింది. "చెప్పులు గూడా కొనుక్కోకుండా తిరగతాండావా నాయనా?" అని జమీలా బీ ఫోనులో ఏడ్చింది. కొడుకు ఎంత చెప్పినా ఆ తల్లి నమ్మలేదు.

అయినా మాబు వెళ్లడం మానలేదు. పైకి ఎగిరిన ఆ ఒక్క క్షణం అతనికి కావాలి. యార్డు లేదు, దుమ్ము లేదు, వేళ్ల చివర బంతి మాత్రమే ఉంటుంది. ప్రాక్టీసు అయ్యాక కూడా శివకుమార్ ఆగి, బంతిని చేతిలోంచి ఎలా వదలాలో, పాదానికి ఎక్కడ తగలాలో ఓపిగ్గా నేర్పేవాడు. రెండో సీజను వచ్చేసరికి మాబు పేరు బయటికి పాకింది. జట్టును పోషించే కంపెనీ అతని నివాస అనుమతి ఇఖామాను తన పేరు మీదికి మార్చుకుని, ఆడడమే ఉద్యోగంగా ఇస్తానంది. సెమీఫైనల్ చూశాక సంతకాలు అన్నారు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ సెమీఫైనల్ జరిగింది. రెండో క్వార్టరులో బంతి చాలా ఎత్తుగా వచ్చింది. కింద శివకుమార్ చేతులు చాచి నిలబడి ఉన్నాడు. మాబు వెనక నుంచి పరుగెత్తుకొచ్చి ఎగిరాడు. మోకాలు వీపుకు తగలాల్సింది, తలకు తగిలింది. టెంకాయ పగిలినట్టు చప్పుడైంది. బంతి మాబు చేతుల్లోనే ఉంది, జనం కేకలు పెడుతున్నారు. శివకుమార్ మాత్రం ఒక చెయ్యి గాలిలోకి బిగుసుకుపోయి, కళ్లు తెరిచి ఉన్నా, కదలకుండా పడి ఉన్నాడు.

గ్రౌండు డాక్టరు ఈజిప్టు ఆమె. లేపి కూర్చోబెట్టి ఇంగ్లిషులో అడిగితే శివకుమార్‌కు ఒక్క ముక్క రాలేదు, తెలుగులోనే గొణుగుతున్నాడు. ఆమె మాబును పిలిచింది.

"మనం ఏ గ్రౌండులో ఉన్నామో అడుగు."

"అన్నా, యాడుండాం మనం?"

"యాడేందిరా? మా ఊరి బడి కాడ. పొద్దు పోతాంది, సంచి తీసుకో."

మాబు భుజం మీద ఒక చెయ్యి పడింది. గ్రెగ్. పుదీనా వాసన చెవి పక్కనే కొట్టింది. "కంపెనీ ఆయన చూస్తున్నాడు. వీడు బయటికి పోతే ఓడిపోతాం. నీ సంతకం కూడా పోతుంది."

"ఈ గ్రౌండు పేరే చెప్పాడు డాక్టర్" అన్నాడు మాబు.

"చివరి గోలు ఎవరు కొట్టారట?"

మాబు అడిగాడు. శివకుమార్ పిల్లాడిలా నవ్వి, "సుబ్బరత్నమ్మత్త వచ్చిందా?" అన్నాడు.

"తానే కొట్టానంటున్నాడు."

మొదటి అబద్ధానికి గ్రెగ్ చెయ్యి భుజం మీద ఉంది. రెండోది చెప్పేసరికి ఆ చెయ్యి లేదు. అది మాబు నోట్లోంచి దానంతటదే వచ్చింది.

మూడో క్వార్టరులో శివకుమార్‌ను మళ్లీ దింపారు. ఒకసారి సొంత గోలు వైపే పరుగెత్తాడు. గీత దగ్గర వంగి వాంతి చేసుకుంటే, జట్టువాడొకడు నవ్వుతూ దాని మీదికి కాలితో ఇసుక తోశాడు. జట్టు గెలిచింది. మరునాడు మాబు సంతకం పెట్టాడు. అతను ఎగిరిన ఆ క్షణాన్ని వేలమంది ఫోన్లలో చూశారు. యార్డులో అందరూ "మళ్లీ చూపీయ్ మాబూ" అంటుంటే ఫోను జేబులో వేసుకుని పనిలోకి వెళ్లిపోయాడు.

అక్కడ బడులు తెరిచే ఆదివారం ఉదయం పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్తూ శివకుమార్ కారును దీపస్తంభానికి గుద్దాడు. చిన్నవాడి పెదవి చిట్లింది. తూలుతున్నాడు, వాంతి చేసుకున్నాడు, మాట తడబడుతోంది. తాగి నడిపాడనుకుంది, పనివాళ్లంతా 'మామా' అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు. తాళం లాక్కుని, పోలీసులకు అప్పగించి ఊరికి పంపేస్తానంది.

మాబు ఆ కబురు వినగానే సల్వా వెళ్లాడు. వచ్చీరాని అరబ్బీలో జరిగిందంతా చెప్పాడు. మామా నమ్మలేదు. అప్పుడు తన ఫోనులో సెమీఫైనల్ వీడియో పెట్టి, చివరి దాకా చూడమన్నాడు. ఆమె చూసింది. మాబు ముఖంలోకి కూడా చూసింది, చెప్పుకు అంటిన పేడను చూసినట్టు.

"వీడు నీ స్నేహితుడా?"

"అవును మామా."

"ఖలాస్. యల్లా, ఆసుపత్రికి పద. అక్కడ కూడా ఇదే చెప్పు."

ఆసుపత్రిలో చెప్పాడు. ఈజిప్టు డాక్టరుకూ చెప్పాడు. ఆమె అడిగితే పోటీలు నడిపే కమిటీకి రాసిచ్చాడు. సాయంత్రానికి గ్రెగ్ ఫోను చేశాడు. "నీకు ఇంగ్లిష్ సరిగా రాదని చెప్పు. తర్జుమాలో పొరపాటంటే అందరం బయటపడతాం."

"ఇంగ్లిష్ రాకపోవచ్చు సార్, తెలుగు వచ్చు నాకు" అని మాబు ఫోను పెట్టేశాడు. పెట్టేశాక కూడా ఆ పుదీనా వాసన వచ్చినట్టే అనిపించి, వెళ్లి నోరు పుక్కిలించాడు.

వారం తర్వాత శివకుమార్ గదికి వెళ్లాడు. వెలుగు పడకుండా కిటికీకి తువాలు కట్టారు. శివకుమార్ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"అన్నా, తప్పయిపోయింది."

"తల తగిలిందానికి నేనేమనుకోల్యా. ఆటలో తగలతాది" అన్నాడు ఇటు తిరక్కుండానే. "ఆడ అంతమందిలో నా మాట అర్థమయ్యేవాడివి నువ్వొక్కడివే గదరా."

మాబు తల దించుకుని లేచి వచ్చేశాడు.

గ్రెగ్‌ను ఏడాది పాటు నిషేధించారు. మాబును సగం సీజను. కంపెనీ ఒప్పందం రద్దు చేసుకుంది. ఇఖామా ఇంకా మారలేదు గనక వీసా ఇచ్చిన పాత కఫీల్ దగ్గరే తుక్కు పనికి మళ్లీ ఎక్కాడు. శివకుమార్ నాలుగు నెలలు బండి నడపలేదు. మామా అతన్ని పంపేయకుండా చెట్లకు నీళ్లు పెట్టే పనిలో ఉంచుకుంది.

నిషేధం తీరాక ఒక చిన్న జట్టు మాబును తీసుకుంది. మరుసటి శీతాకాలానికి జీతమిచ్చి ఆడించుకునే జట్టుకు మారాడు. అతని ఆట మీద ఇప్పుడు ఎవరికీ అనుమానం లేదు. శివకుమార్ ఒక్కసారి చూడడానికి వచ్చాడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని అరగంట కూర్చున్నాడు. కేకలకు తల నొప్పిగా ఉందని లేచాడు. "బాగా ఆడతాండావు" అని మాత్రం చెప్పి వెళ్లాడు.

మాబు ఆ రోజు మిగిలిన ఆటంతా ఇంకా బాగా ఆడాడు. అంత బాగా ఎలా ఆడగలిగాడా అని, బూట్లు విప్పుకుంటున్నప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.