మావగారి మొదటి ముద్ద

దెయ్యాలూ భూతాలూ అని ఎవరైనా మొదలెడితే నాకు నవ్వు కూడా రాదు, చిరాకేస్తుంది. పనీపాటా లేనివాళ్ల కబుర్లవి. మా పుట్టింటి వీధిలో వేపమండలు పట్టుకుని పూనకంతో ఊగే ఆడవాళ్లని చూసి, అంట్లు తోమడం తప్పించుకోడానికి ఊగుతున్నారని మొహమ్మీదే అనేదాన్ని. ఇప్పటికీ అంటాను. ఇది చదివి నన్నూ వాళ్లలో కలిపేస్తే ఊరుకోను. జరిగింది చెప్తున్నాను, అంతే.

తెల్లదొరలు వెళ్లిపోయిన కొత్తల్లో మా ఆయనకి విజయనగరం నుంచి రాయపూర్ బదిలీ అయింది. రైల్వేలో ఫిట్టరు. మాతోపాటు మావగారు, ఆయనతోపాటు ఆయన కుక్క నల్లోడు. పేరుకి తగ్గట్టు కాటుక నలుపు. అత్తగారు పెంచిన కుక్క. ఆవిడ పోయాక మావగారికి అదే లోకమైంది. అన్నంలో మొదటి ముద్ద కలిపి దాని ముందు పెట్టాలి, అది తినాలి, అప్పుడు గానీ ఆయన చెయ్యి నోటికి పోదు. నాకు చిర్రెత్తేది. కుక్కకి అగ్రతాంబూలమా!

కుక్కని రైల్లో తేవాలంటే గార్డు పెట్టెలో దానికో గూడు ఉంటుంది, అందులో ఎక్కించి టిక్కెట్టు తీసుకోవాలి. తీసుకోమన్నాను.

"గార్డు మనవాడే. రైల్వేవాళ్ల కుక్కకి టిక్కెట్టేటే!" అన్నారు మా ఆయన.

రైల్వేవాళ్లకి ఇదో జబ్బు. పాసుల మీద తిరిగి తిరిగి, పట్టాలన్నీ వాళ్ల తాతలు వేయించినవే అనుకుంటారు. దారిలో ఆ 'మనవాడు' డ్యూటీ దిగిపోయాడు. కొత్తగా ఎక్కిన గార్డుకి గూట్లో కుక్క కనిపించింది గానీ కాయితం కనిపించలేదు. ఎవరి కుక్కో ఏమో అని ఏదో అడవి స్టేషన్లో దింపించేశాడు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. రాయపూర్లో దిగి చూస్తే గూడు ఖాళీ.

మా ఆయన మొహం చూడాలి అప్పుడు! రైల్వే ఉద్యోగి అయ్యుండి సొంత కుక్కని రైల్లో తెచ్చుకోలేకపోయాడని తెలిస్తే పదిమందీ నవ్వుతారని భయం. "కుక్క మాట ఎవరి దగ్గరా ఎత్తకండి" అని మా ఇద్దరికీ ఆర్డరు వేశారు. ఎత్తడానికి అక్కడ నాకెవరు తెలుసు? ఊళ్లో గుఢియారీ అనే పేట వైపు, పట్టాల పక్కన క్వార్టరు. ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి, మాడు పగిలే ఎండ. నా హిందీ వింటే కూరలమ్మే మనిషి కూడా నవ్వేది. ఊరు కాదది, శిక్ష.

మావగారు కంచం ముందు కూచున్నారు. ముద్ద కలిపి, కింద పెట్టి, దానికేసే చూస్తూ ఉండిపోయారు. ముద్ద ఎండిపోయింది. ఆయన లేచి చెయ్యి కడుక్కున్నారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. కొడుకు బతిమాలారు, కసిరారు. "కుక్క కోసం ప్రాణం తీసుకుంటారా?" అని తలుపు చాటు నుంచి నేనూ అనేశాను.

"పంతం కాదమ్మా. మింగుడు పడటం లేదు" అన్నారు.

మనిషి మంచానికి అతుక్కుపోయారు. డాక్టరొచ్చి టానిక్కు రాసిచ్చాడు. టానిక్కట, వాడి మొహం! ముసలాయన ఇక దక్కరని నాకు తెలిసిపోయింది. మొయ్యడానికి నలుగురు దొరకని ఊళ్లో ఏం చెయ్యాలిరా భగవంతుడా అని ఏడుపొచ్చింది.

అలాంటిది ఒక మధ్యాహ్నం ఆయనే గోడ పట్టుకుని వెనక వరండాలోకి వచ్చి, అన్నం పెట్టమన్నారు. ముద్ద కింద పెట్టారు. కాసేపాగి తినడం మొదలెట్టారు.

"నల్లోడొచ్చాడమ్మా" అన్నారు.

వంటింట్లోంచి తొంగి చూశాను. కుక్కా లేదు, నక్కా లేదు. ముద్ద కూడా లేదు. ఏ కాకో ఎత్తుకుపోయుంటుంది. ముసలాయనకి మతి పోతే పోయింది, తింటున్నారు, అదే పదివేలు అనుకున్నాను. ఆ రోజు నుంచీ పూటపూటా తిన్నారు. నెమ్మదిగా లేచి పట్టాల వెంబడి షికారు కూడా మొదలెట్టారు.

ఇంతలో పక్క క్వార్టరావిడ దెబ్బలాటకొచ్చింది. రాయపూర్ దగ్గర్లోని ఆరంగ్ ఊరి మనిషి. "తుంహర్ కరియా కుకుర్!" అంటూ అందుకుంది. సగం మాటలు, సగం సైగలు. మీ నల్ల కుక్క మా కోళ్లని తరుముతోంది, కట్టేసుకోండి అని. మాకు కుక్కే లేదన్నాను. అబద్ధాలా అని తన కుడి చెవి పట్టుకుని, మధ్యకి చీలినట్టు వేలితో గీసి చూపించింది. మీ ముసలాయన వెనకే తిరుగుతుంటే రోజూ చూస్తున్నానంది.

నల్లోడి కుడి చెవి పంది కొరికి చీలిపోయింది. ఆ సంగతి రాయపూర్లో మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలీదు. అయినా నేను నమ్మలేదు. చెవి చీలిన నల్ల కుక్క ఇంకోటి ఉండకూడదా ఏం?

ఆ వారంలోనే ఆ 'మనవాడు' గార్డు నుంచి కబురొచ్చింది. నల్లోడు ఆ అడవి స్టేషన్లోనే ఉన్నాడట. దింపిన రోజు నుంచీ అక్కడ పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ గొలుసేసి సాకుతున్నాడట. మా ఆయన వెళ్లి, ఈసారి టిక్కెట్టు తీసుకుని మరీ తెచ్చారు. దెబ్బ తిన్నాక గానీ బుద్ధి రాదు కొందరికి.

నల్లోడు ఎగిరి మావగారి మీద పడ్డాడు. ఆయన వాడి ఒళ్లంతా నిమిరి భోరుమన్నారు. హమ్మయ్య, కథ కంచికి చేరింది అనుకుని అన్నం వడ్డించాను. ఆయన ముద్ద పెట్టారు. నల్లోడు దగ్గరికంటా వచ్చి టక్కున ఆగాడు. తోక కాళ్ల మధ్య దాచుకుని, వెనక్కి జరిగి కూచున్నాడు. చొంగ కారుతోంది, అయినా ముందుకి రాడు.

"తినవేరా!" అని కసిరాను.

"ఆగమ్మా. అది తిన్నాక వీడు తింటాడు" అన్నారు మావగారు.

పట్టపగలు. గడపలో నిలబడి కళ్లప్పగించి చూస్తున్నాను. కాకి లేదు, చీమ లేదు. గచ్చు మీద పప్పన్నం ముద్ద ఒక పక్క నుంచి తరగడం మొదలైంది. కుక్క నాకుతుంటే మెతుకులు ఎలా చెదురుతాయో అలాగే చెదిరాయి. ఆఖరికి గచ్చు మీద తడి మిగిలింది. మావగారు ఇంకో ముద్ద పెట్టారు. అది నల్లోడు తిన్నాడు. ఆ తర్వాతే ఆయన తిన్నారు.

ఆ రోజుతో సరి. మర్నాటి నుంచీ మొదటి ముద్ద నల్లోడే తిన్నాడు, ఏ జంకూ లేకుండా.

మా ఆయనకి చెప్తే ఎండదెబ్బ అన్నారు. టిక్కెట్టు కొనడం చేతకాని మనిషి నాకు చెప్పొచ్చారు! మా అత్తగారే కుక్క రూపంలో వచ్చిందని మా బంధువొకావిడ తేల్చింది. అత్తగారి సంగతి నాకు తెలీదా? ఏ రూపంలో వచ్చినా పప్పులో ఉప్పెక్కువైందని మొరగకుండా ఉండేది కాదు.

అదేంటో నాకు ఇప్పటికీ తెలీదు. దెయ్యం అని మాత్రం చచ్చినా అనను. మావగారు ఆ తర్వాత చాలా ఏళ్లు బతికారు. ఆయన్ని బతికించింది కన్న కొడుకు కాదు, డాక్టరు కాదు, మూడు పూటలా వండి పెట్టిన నేనూ కాదు. తలుచుకుంటే భయం వెయ్యదు నాకు. ఒళ్లు మండుతుంది.