అత్త దుకాణంలో లేని గుమ్మడికాయ

పక్క మెస్సులో గుమ్మడికాయ పులుసుకు బెల్లం వేసిన వాసన మా కూరగాయల దుకాణంలోకి వస్తే, ఈ వయసులోనూ నా నోట్లో నీళ్లూరుతాయి. వెంటనే మా అత్త నాగమ్మ గుర్తొస్తుంది. ఆమె పోయి కొన్నేళ్లయింది. గార్లదిన్నెలో ఈ దుకాణం పెట్టింది ఆమే. అన్ని కూరలూ ఉండేవి, గుమ్మడి తప్ప.

అత్తవాళ్ల బెడగు గుమ్మడి. బెడగంటే వంశానికి గుర్తు. ఆ వంశంవాళ్లు గుమ్మడికాయను కోయరు, తినరు, అమ్మరు. గుత్తిలో మా నాయన కిరాణా కొట్టులో పెరిగిన నాకు ఇది శుద్ధ నష్టంగా తోచింది. కొత్త కోడలినన్న బెరుకైనా లేకుండా బేరం పెట్టాను.

"అమావాస్యకు ఊరంతా దిష్టికాయలకే వస్తారత్తా. మనం తినం సరే, అమ్మితే ఏం?"

"మీ నాయన్ను అంగట్లో పెట్టి అమ్ముతావామ్మే?"

"మా నాయన్ను ఎవరు కొంటారత్తా!"

ఆమె పగలబడి నవ్వింది గానీ దిగి రాలేదు. ఎప్పుడో కరువులో తల్లి పోయిన బిడ్డను గుమ్మడిపాదు కింద పడుకోబెట్టి, ఆ కాయలతోనే బతికించారట. ఆ బిడ్డ సంతతే వీళ్లు. "పెంచినదాని మీద కత్తి పెడతామా?" అంది. చివరికి ఒక్కటి మాత్రం రాబట్టుకున్నాను: పుట్టింట్లో తినొచ్చు. గెలిచాననే అనుకున్నాను.

పెళ్లయిన కొన్నేళ్లకే మా ఆయన పోయాడు. పిల్లలు లేరు. అన్న వచ్చి నన్ను గుత్తికి తీసుకుపోయాడు. "ఆడ నీకింక ఏముండాదమ్మా?" అన్నాడు. ఎంత బేరగత్తెనైనా, బేరమాడకుండా పెట్టె సర్దుకున్నాను.

కొన్నాళ్లకు అత్త బస్సు దిగి వచ్చింది. వచ్చిన పని చెప్పలేదు. భోజనాల దగ్గర అమ్మ, నాకిష్టమని చేసిన గుమ్మడికాయ పులుసు గరిటెతో నా కంచం మీదికి వంగింది. అత్త తన కంచంలోకే చూస్తూ కూర్చుంది. ఒప్పందం ప్రకారం నేను తినొచ్చు. కంచానికి చెయ్యి అడ్డం పెట్టాను.

"వద్దమ్మా. మేము తినం."

అన్న తల వంచుకున్నాడు. అత్త లేచి చెయ్యి కడుక్కుంది.

"బట్టలు సర్దుకో. బస్సుకు టైమైతాంది."

బస్సులో అడిగాను, "నేను తినుంటే ఏం చేసేదానివత్తా?"

"ఏం చేస్తా? కడుపునిండా తిననిచ్చి, ఒక్కదాన్నే పోయేదాన్ని." కాసేపు కిటికీలోంచి ఎండిన చేలు చూసింది. "దారంతా ఏడ్సుకుంటా."

ఇప్పుడు దుకాణం నాది. వాసన సంగతి మా బేరంలోకి రాలేదు గనక, మెస్సులో పులుసు ఉడికే రోజు కాస్త ఆ గోడ వైపే జరిగి కూర్చుంటాను. గుమ్మడికాయ అడిగినవాళ్లకు మాత్రం, "మేము అమ్మమప్పా, ఎదురంగట్లో చూడు" అంటాను.

'మేము' అంటాను గానీ, దుకాణంలో ఉండేది నేనొక్కదాన్నే.