నేను విప్పేసిన బొంత

ఆ బొంత చూసిన మొదటి రోజు నుంచీ నాకు గిట్టలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నయం. తర్వాత ఎన్ని చెప్పినా సాకులు వెతుక్కుంటున్నట్టే ఉంటుంది.

తొంభైల చివర్లో, సత్తెనపల్లికి దగ్గర్లో ఉన్న ఒక పల్లెకి నన్ను రెండో పెళ్ళివాడికిచ్చి పంపారు. అప్పటికే నాకు ఇరవై ఏడు. టౌన్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. నా చేతి కుట్టంటే మా వీధిలో పేరుండేది, నాకు పొగరూ ఉండేది. మా ఆయన మొదటి భార్య పచ్చకామెర్లతో పోయింది. పసరుమందు పోయిస్తూ తిప్పి తిప్పి, పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యమైపోయిందట. ఆమెకి ఆరేళ్ళ కూతురు. ఆ పిల్ల మొదటి రోజే నన్ను "పిన్నీ" అంది, ఎవరో నేర్పి పంపినట్టు. దగ్గరికి మాత్రం వచ్చేది కాదు.

చలి మొదలయ్యాక మా అత్తగారు అటక మీద నుంచి ఒక మూట దింపించింది.

"అమ్మాయ్, ఇది పిల్లకని వాళ్ళమ్మ మొదలుపెట్టింది. సగం పైనే కుట్టింది, పాపం. పెద్దకర్మ అయ్యాక చీరలన్నీ చాకలికి ఇచ్చేశాం గానీ ఇది ఎవరికీ గుర్తు రాలా. నీకు చేతిలో పనేగా, పూర్తి చేసి పెట్టు," అంది.

విప్పి చూద్దును గదా, పాత చీరలు నాలుగు పొరలు, పైన వెలిసిపోయిన లుంగీ ముక్కలు. మిరప కల్లంలో కాయలకి కాపలా కూర్చుని కుట్టిందట. దారం కొన్నది కాదు, యూరియా బస్తాల మూతి కుట్టు విప్పి దాచుకున్నది. ఒక కుట్టు పొడుగు, ఒకటి పొట్టి. అన్నీ ఒక పక్కకి ఒరిగిపోయి, ముడులు పైకి కనిపిస్తూ ఉన్నాయి. నా దగ్గర నేర్చుకునే పిల్ల ఎవరైనా ఇలా కుడితే నెత్తిన మొట్టేదాన్ని.

"అమ్మ బొంత!" అంటూ పిల్ల పరుగెత్తుకొచ్చింది. "నాన్నమ్మా, బస్తాల నుంచి ఈ దారం నేనే లాగాను. సరైన కొస పట్టుకుంటే జర్రున వచ్చేసేది."

ఆ ఇంట్లో పిల్ల అంత గట్టిగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

రోజులు నెట్టాను. సూది లేదన్నాను, మిరపకోతలన్నాను, నడుం నొప్పన్నాను. పిల్ల మాత్రం సాయంత్రం అయ్యేసరికి ఆ సగం బొంతని లాక్కొచ్చుకుని, కుట్టిన వైపు బుగ్గ ఆనించి పడుకునేది. జడ వేసింది నేను, అన్నం కలిపి పెట్టింది నేను, బడికి తయారు చేసింది నేను. బుగ్గ ఆనించేది మాత్రం దానికి. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు, ఊళ్ళో ఎవరు వచ్చినా ఆమె మంచితనమే మాట్లాడేవాళ్ళు. సవతంటే మట్టిబొమ్మనైనా ఓర్చుకోలేరని మా అమ్మ అంటుంటే నవ్వేదాన్ని. ఒక గుడ్డల మూటని ఓర్చుకోలేకపోయాను. ఒళ్ళు మండేది, అంతే.

ఒకరోజు పిల్ల బడికి వెళ్ళింది, అత్తగారు చేలోకి వెళ్ళింది. బ్లేడు తీసుకుని కూర్చున్నాను. ఈ వంకర కుట్ల పక్కన నా కుట్టు వేస్తే ఏం బాగుంటుంది, మొత్తం విప్పి కొత్తగా కుడదాం అని నాకు నేనే చెప్పుకున్నాను. పొర విడుతుంటే మిరపగింజలు రాలాయి. తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ విప్పాను. నాలుగైదు వరసలు పోయాక అర్థమైంది, ఆమె నేను ముగించే కొస నుంచి మొదలుపెట్టేది. ఆమెది ఎడమచేతి వాటం. అవి వంకర కుట్లు కావు, ఎడమచేతి కుట్లు. అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. చివరి ముడి దాకా విప్పి, దారమంతా ఉండ చుట్టి నీళ్ళపొయ్యిలో వేశాను.

రెండు రోజులు వంచిన నడుం ఎత్తకుండా కుట్టాను. ఎర్రదారం, స్కేలు పెట్టి గీసినట్టు వరసలు. నిజం చెప్పాలంటే చాలా బాగా వచ్చింది. మంచం మీద పరిచి పిల్లని పిలిచాను.

అది బొంత మీద చెయ్యేసి ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది. తిరగేసి మళ్ళీ తడిమింది.

"పిన్నీ, అమ్మ కుట్టిన వైపేది?"

అత్తగారే అందుకుంది. "ఆ కుట్లు చివికిపోయాయే తల్లీ. పిన్ని అవి మీ అమ్మవని తెలియక, తర్వాత నేను వేసిన అతుకు కుట్లనుకుని విప్పింది. ఏడవమాకు, నా బంగారం గదా!"

పిల్ల ఏడవలేదు. బొంతని మడిచి నాన్నమ్మ మంచం మీద పెట్టి, దుప్పటి కప్పుకుని పడుకుంది. ఆ చలికాలమంతా దుప్పట్లోనే ముడుచుకుంది గానీ దాన్ని ముట్టుకోలేదు.

మర్నాడు పొయ్యి దగ్గర అత్తగారిని అడిగాను, "ఆవిడది ఎడమచేతి వాటమా అత్తయ్యా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "నీకెవరు చెప్పారే?" అని, జవాబు తనకే తట్టినట్టుంది, తల తిప్పుకుంది. "అంతా చూసి కూడా విప్పావన్నమాట. సరే, ఇంకెక్కడా ఈ మాట అనమాకు. పిల్లకి నువ్వు కావాలి," అంది. చచ్చేదాకా ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు, మహాతల్లి.

బొంత కొన్నాళ్ళు ఆమె మంచం మీద ఉండి, తర్వాత కల్లంలో కాపలా మంచానికి పోయి, చివరికి పేలికలైపోయింది. పిల్ల పెరిగింది. నాకు పిల్లలు కలగలేదు. జ్వరమొస్తే నా చెయ్యి పట్టుకునేది, మార్కులొస్తే ముందు నాకే చెప్పేది. పిన్ని తెలియక చేసిందని నమ్మింది కాబట్టే ఆ మాత్రం దగ్గరైందని నాకు తెలుసు. ఎప్పుడైనా చెబుదామని నోటి దాకా వచ్చేది, మింగేసేదాన్ని.

గుంటూరులో ఇంటర్ చదువుతూ సెలవులకొచ్చింది. అత్తగారు పోయి అప్పటికి ఆరు నెలలు. నేను మిషను దగ్గర ఉంటే వచ్చి పక్కన కూర్చుంది.

"పిన్నీ, మా అమ్మ కుట్లు ఎలా ఉండేవి? నాన్ననడిగితే గుర్తు లేదంటున్నాడు. నాన్నమ్మ లేదు. నాకు దారం లాగడం ఒక్కటే గుర్తుంది. వాటిని దగ్గరగా చూసింది నువ్వొక్కదానివే."

చెప్పాను. ఎటు ఒరిగేవో, రెండు పొట్టి కుట్లయ్యాక ఒక పొడుగుది ఎలా పడేదో, దారం అయిపోయిన చోట ముడి మీద ముడి ఎలా వేసేదో, మూలకొచ్చేసరికి గుడ్డ జారకుండా ఎంత దగ్గరగా కుట్టేదో. ఒక్కటీ మర్చిపోలేదు నేను. పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని వింటూ నా మోకాలి మీద గడ్డం ఆనించింది. పదేళ్ళ పైన ఎదురుచూసినది ఆ పూట దొరికింది నాకు.

"ఎంత బాగా చూశావు పిన్నీ! పాపం, మా అమ్మవని తెలియకే గదా విప్పేశావు."

ఊఁ అంటే సరిపోయేది. అంత నమ్మకంగా నా మోకాలి మీద ఉన్న ముఖాన్ని చూస్తూ ఊఁ అనలేకపోయాను.

"తెలుసమ్మా. తెలిసే విప్పాను."

నా మోకాలి మీద నుంచి గడ్డం తీసేసింది.

"ఎందుకు?"

"నువ్వు దాన్ని పట్టుకుని పడుకుంటుంటే చూడలేక. నా దగ్గరికి రావని."

లేచి లోపలికి వెళ్ళింది, ఇక రాదనుకున్నాను. కాసేపటికి తెల్ల గుడ్డ ముక్క, సూది, దారం తెచ్చి నా ముందు పెట్టింది. పిన్నీ అనలేదు.

"కుట్టి చూపించు."

కుడిచేత్తో ఒక వరస కుట్టాను. నా కుట్టే వచ్చింది, తిన్నగా. సూది ఎడమచేతికి మార్చుకుని వేలు పొడుచుకుంటూ ఇంకో వరస కుట్టాను. పిల్ల ఆ గుడ్డని వెలుతురుకి పట్టుకుని చూసింది, బుగ్గకి ఆనించుకుంది.

"ఇలాగేనా?" అంది.

"కాదు," అన్నాను.