ఇవ్వనన్న కొమ్మ

ఈ ఉదయం మా కాలనీ పార్కులో తోటమాలి కంచె మొక్కలు కత్తిరిస్తున్నాడు. తెగిన డురాంటా కొమ్మల పచ్చివాసన వంటింటి కిటికీలోంచి లోపలికొచ్చింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా అలాగే నిలబడిపోయాను. పైడితల్లమ్మ పిన్నిగారు గుర్తొచ్చారు. ఆవిడ మంచి మనిషా, పిసినారా అని ముప్పై ఏళ్లకు పైగా నాతో నేనే వాదించుకుంటున్నాను. ఇప్పటికీ తేలలేదు.

ఎనభైల చివర్లో పెళ్లయి, గోదావరి జిల్లా నుంచి ఉక్కునగరం క్వార్టర్స్‌కి వచ్చాను. మొదటి ఏడు కడుపు నిలవలేదు. మా ఆయన షిఫ్టుకి వెళ్తే పొద్దు గడవక పెరట్లో గులాబీ నాటాను, మల్లె నాటాను, ఆఖరికి బంతినారు కూడా పోశాను. అన్నీ ఎండిపోయాయి. చూడవచ్చిన మా అత్తగారు "నీ హస్తవాసి మంచిది కాదమ్మా" అని ఊరికే అన్నట్టు అన్నారు. ఆ మాట గుండెల్లో దిగబడిపోయింది. నా చేతిలో ఏదీ బతకదేమోనని నిజంగానే భయపడ్డాను.

పక్క క్వార్టర్ పైడితల్లమ్మగారిది. సబ్బవరం వైపు రైతు కుటుంబం, భర్తకి ప్లాంటులో ఉద్యోగం. వీధిలో అందరూ డురాంటాని గోడలా చదునుగా కత్తిరించేవారు. ఆవిడ మొక్క మాత్రం జుట్టు విరబోసుకున్నట్టు వంగి ఉండేది. ఊదారంగు పూలు పూసి, ఆ తర్వాత పసుపు పూసల్లాంటి కాయలు గుత్తులుగా వేలాడేవి. తినే కాయలు కావు, కంటికి అందం, అంతే. ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి అడిగాను.

"పిన్నిగారూ, ఒక్క కొమ్మ ఇస్తారాండీ? నాటుకుంటాను."

"ఇవ్వను."

"చిన్నదేనండీ."

"ఇవ్వనని సెప్తన్నాను కదేటి! నాను పడుకోడానికి ఎల్తన్నాను. రెండు గంటలు లెగను."

తలుపేసుకున్నారు. ఆవిడ కొమ్మలు కత్తిరించే కత్తెర మాత్రం మా రెండిళ్ల మధ్య పిట్టగోడ మీదే ఉండిపోయింది.

అడిగి తెచ్చిన మొక్క కన్నా దొంగిలించిన మొక్క బాగా నాటుకుంటుందని మావైపూ అంటారు, వాళ్లవైపూ అంటారు. ఆ క్షణాన నాకది గుర్తు రాలేదు. వచ్చింది కోపమే. ఆ కోపంలోనే జానెడు కొమ్మ కోసి, కింది ఆకులు దూసేసి, కుండీలో గుచ్చి పెరట్లో నీళ్ల తొట్టి వెనక దాచాను. మూడు వారాలకి చిగురు వేసింది. ఆ చిగురు చూసి వెక్కి వెక్కి ఏడ్చాను.

తర్వాత దాన్ని నేలలో నాటి, వీధిలో అందరిలాగే నెలనెలా కత్తిరించేదాన్ని. గుబురుగా పెరిగింది గానీ రెండేళ్లయినా ఒక్క పువ్వు లేదు. మళ్లీ అత్తగారి మాట గుర్తొచ్చి కుంగిపోతుంటే పిన్నిగారు గోడ అవతల నుంచి కేకేశారు.

"ఏటి సేత్తన్నావోలమ్మా? కొసలకి కదా పూత్తాది! కొసలన్నీ కోసేసి కాయల్లేవంటే ఏటి సేత్తాది పాపం? ఆ కత్తెర ఇలగియ్యి."

తీసుకున్న కత్తెర వానలు వెళ్లేదాకా తిరిగివ్వలేదు. మొక్క ఎక్కడిదని మాత్రం అడగలేదు. ఆ చలికాలం మా గోడ నిండా పసుపు గుత్తులు దిగాయి. పిట్టలొచ్చి వాలితే తోలడానికి కూడా మనసొప్పలేదు.

పిన్నిగారి భర్త రిటైరయ్యాక వాళ్లు ఊరికి వెళ్లిపోయారు. సామాను లారీకెక్కుతుంటే ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"ఆ మొక్క మీదేనండీ. నేనే దొంగిలించాను."

"ఎరుగుదును. కిటికీలోంచి సూసాను."

"మరి ఏమీ అనలేదేమండీ?"

"నడుంనొప్పి. లెగలేకపోయాను."

నవ్వారో, ఎండకి మొహం చిట్లించారో తెలియలేదు. అడిగేలోపు లారీ కదిలింది.

పోయిన నెల మా పక్కింట్లో కొత్తగా దిగిన అమ్మాయి, ఆ మొక్క నుంచే తెచ్చి ఈ ఇంట్లో పెంచుకుంటున్న నా డురాంటా కొమ్మ అడిగింది. "ఇవ్వను" అని, కత్తెర గోడ మీద పెట్టి, లోపలికెళ్లి కిటికీ పక్కన కూర్చున్నాను. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. మర్నాడు నర్సరీ నుంచి మొక్క కొనుక్కుంది. నాతో మాట మానేసింది. అంటే ఆ రోజు పిన్నిగారు నేను దొంగిలించాలని కావాలనే కత్తెర వదిలి వెళ్లలేదా? నిజంగానే ఇవ్వడం ఇష్టం లేక, నిజంగానే నడుంనొప్పితో పడుకున్నారా?

తర్వాత నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. దానికీ ఆ కొమ్మకీ సంబంధం లేదని తెలుసు. కానీ ఆ మొదటి కడుపు పోయాక మళ్లీ నెల తప్పినప్పుడు నేను భయపడలేదు. నా చేతిలో కూడా ఏదైనా బతుకుతుందన్న ఆ ధైర్యం పైడితల్లమ్మగారు ఇచ్చిందో, నేను దొంగిలించిందో నాకు ఇప్పటికీ తెలియదు.