మూడో ప్రతికి క్షేమమైన ఇల్లు

అమ్మ స్నానానికి వెళ్లినప్పుడల్లా బాత్‌రూమ్ తలుపు బయట నిలబడి మగ్గు చప్పుడు వినేదాన్నని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చేతిలో ఏదో పుస్తకం ఉండేది, పేజీ తిరిగేది కాదు. లోపల నీళ్ల చప్పుడు కాస్త ఆగితే, "అమ్మా, షాంపూ అయిపోయిందా?" అని అడిగేదాన్ని. "కుంకుడుకాయ రుద్దుకునేదాన్ని పట్టుకుని షాంపూ అంటావేమిటే?" అని తిట్టు వినిపిస్తే హమ్మయ్య అనుకుని పక్కకి తప్పుకునేదాన్ని.

కారణం గీజర్. అమ్మకి ఎండాకాలంలోనూ వేణ్ణీళ్లే కావాలి. దాని కింది కుళాయి ముట్టుకుంటే వేళ్లు జివ్వుమనేవి. నేను రబ్బరు చెప్పులు వేసుకుని స్నానం చేసేదాన్ని. అమ్మ స్నానం నుంచి నేరుగా దేవుడి గదికి వెళ్లే మనిషి. "చెప్పులతో స్నానమా? ఇంకేం, బూట్లతో పూజ కూడా చేద్దాం," అనేది. జివ్వుమంటోందంటే చలికాలం అలాగే ఉంటుందనేది. నాన్నది ఏడాది పొడవునా చన్నీళ్ల స్నానం కాబట్టి ఆయనకి ఆ కుళాయితో పరిచయం లేదు.

నాన్న యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్. విద్యుత్తు మీద ఆయన పాఠం చెబితే పక్క డిపార్ట్‌మెంట్ల పిల్లలు కూడా వచ్చి కూర్చుంటారు. ఇంట్లో ఫ్యూజు పోతే మాత్రం, "అది అప్లైడ్ సబ్జెక్ట్," అని పేపరు తీసుకుంటారు.

తార్నాకలో మా ఇల్లు పాతది. ఆ వేసవిలో ఏసీ బిగించడానికి వచ్చిన మెకానిక్ స్విచ్‌బోర్డు విప్పి, మళ్లీ మూసేసి, "ఈ వైరింగ్ మీద నేనైతే పెట్ట సార్. ముందు చెక్ చేయించుండ్రి," అని వెళ్లిపోయాడు. నాన్న రామంతాపూర్‌లో ఉండే తన పాత విద్యార్థిని పిలిచారు. ఇళ్ల వైరింగ్ తనిఖీ చేసి రిపోర్టులివ్వడం అతని వృత్తి. అతను మీటరు పట్టుకుని గదిగదీ తిరిగాడు. బోర్డు విప్పిన చోటల్లా తీగల మీది తొడుగు వేయించిన అప్పడంలా పొడిపొడిగా రాలింది.

రిపోర్టు వచ్చినప్పుడు నాన్న క్యాంపస్‌లో ఉన్నారు. ముందు నేనే చదివాను. పాసో ఫెయిలో ఉంటుందనుకున్నాను. అలా లేదు. ప్రతి లోపానికీ ఒక రంగు. పచ్చ అంటే ఇల్లు కట్టిన రోజుల్లో ఈ నియమం లేదు, ఇప్పుడు మార్చుకుంటే మంచిది. పసుపు అంటే ఈరోజు ఫరవాలేదు, వదిలేస్తే మాత్రం ప్రమాదం. ఎరుపు అంటే బాగుచేసేదాకా వాడొద్దు. వంటింటి తీగలు పసుపు. ఎరుపు ఒక్కటే, గీజర్.

దానికి ఎర్తింగ్ లేదట. వెనకటికి ఎర్తింగ్ తీగని ఇనుప నీళ్ల పైపుకి చుట్టారు. తర్వాత మేం ప్లాస్టిక్ పైపులు వేయించినప్పుడు ఇనుప పైపు పోయింది, తీగ గోడలో అనాథగా మిగిలింది. ఇక గీజర్‌లో లీకయ్యే కరెంటు భూమిలోకి దిగాలంటే, కుళాయి పట్టుకున్న మనిషి ఒంట్లోంచే దిగాలి.

నాన్న అతన్ని వరండాకి పిలిపించి వైవా మొదలుపెట్టారు. అతను కుర్చీ ఉన్నా కూర్చోలేదు. చెంపలు నెరుస్తున్న మనిషి, సార్ ముందు మళ్లీ ల్యాబ్‌లో నిలబడ్డ కుర్రాడయ్యాడు.

"ఎర్త్ లేదన్నావు. కొలిచావా?"

"కొలిచిన సార్. మీటర్ల ఏం చూపెడ్తలేదు."

"ఎన్నిసార్లు కొలిచావు?"

"లేనిదాన్ని ఎన్నిసార్లు కొలవాలె సార్?"

"అదీ! ఒక్క రీడింగ్‌తో నిర్ధారణకి వచ్చేస్తావు. ప్రాజెక్టులోనూ ఇదే తొందర నీకు. 'తక్షణ ప్రమాదం' అని రాశావు. ఇన్నేళ్లలో ఈ ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా?"

"కాలే సార్."

"మరి డేటా ఏమంటోంది?"

"ఏం కాలేదంటున్నది సార్."

"అయితే రివైజ్ చేసి పట్రా."

కర్టెన్ వెనక నిలబడి అంతా విన్నాను. ఆటో ఆపమని చెప్పలేక ఒక వీధి ముందుకెళ్లి వెనక్కి నడిచొచ్చే రకం నేను. వైవా మధ్యలోకి ఎక్కడ వెళ్తాను?

రెండో ప్రతిలో ఎరుపు పసుపైంది. దాన్ని నాన్న క్యాంపస్‌లో వాకింగ్‌కి పట్టుకెళ్లారు. ఆయన మిత్రబృందంలో తత్వశాస్త్రం ఆయన, ప్రమాదమనేది చూసేవాడి దృష్టిని బట్టి ఉంటుందన్నారట. చరిత్ర ఆయన, ముందుమాట బలహీనంగా ఉందన్నారట. మూడో ప్రతి కొత్త ముందుమాటతో వచ్చింది. అందులో గీజర్ సంగతి "వీలు వెంబడి పరిశీలించవచ్చు" అని పచ్చరంగులో ఉంది. ఒక్క తీగ ముట్టుకోకుండా మా ఇల్లు క్షేమమైంది.

"ఇల్లు బ్రహ్మాండంగా ఉందిట," అని నాన్న వంటింట్లోకి కేకేశారు.

"అయితే ఏసీ ఎప్పుడు పెట్టిస్తారు?" అంది అమ్మ.

గేటు దగ్గర ఆ పాత విద్యార్థి స్కూటర్ స్టార్ట్ చేయకుండా నిలబడ్డాడు. "చెల్లె, రంగు మారింది గని గీజర్ మారలే. సార్ ముందట నాకు నోరు లేస్తలేదు. జర నువ్వన్న చెప్పు."

"నాకూ లేవదన్నా."

"మరెట్ల?" అన్నాడు. నాకు తెలిస్తే కదా.

మర్నాడు అమ్మ తువ్వాలు తీసుకునేలోగా మెయిన్ ఆపి, గీజర్‌ది తెల్ల పింగాణీ ఫ్యూజు పెరికి సంచిలో వేసుకుని, మెయిన్ మళ్లీ వేసి, క్యాంపస్ లైబ్రరీకి వెళ్లిపోయాను. నోరు లేవనివాళ్ల తిరుగుబాటు అంతే ఉంటుంది. రోజంతా పుస్తకం ముందు కూర్చుని ఆ ఫ్యూజుని తడుముకుంటూ ఉన్నాను.

ఇంటికొచ్చేసరికి నాన్న టార్చి వేసి బోర్డు చూస్తున్నారు. "ఇంటికి సప్లై ఉంది, గీజర్‌కి లేదు. ఆసక్తికరం!"

"నేనే తీశాను నాన్నా," అన్నాను. గొంతు నాదేనా అనిపించింది. "మొదటి రిపోర్టు ప్రకారం పని అయ్యేదాకా ఇవ్వను. ఆ కుళాయి షాక్ కొడుతోంది. అమ్మ వట్టి కాళ్లతో నిలబడుతుంది."

"షాకా? ఎన్నిసార్లు? ఏ పరిస్థితుల్లో?"

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏ రిపోర్టు? అందులో నా గీజర్ గురించి ఏముంది?"

రోజూ ఆ గీజర్ వేసే మనిషికి ఒక్క ప్రతి కూడా చూపించలేదని అప్పుడు గుర్తొచ్చింది మాకు. మొదటిది తెచ్చి పైకి చదివాను. కరెంటు ఎవరి ఒంట్లోంచి దిగుతుందో విన్నాక అమ్మ నాన్నవైపు చూసింది.

"అది తొలి ప్రతి," అన్నారు నాన్న. "తర్వాత చాలా మెరుగైంది."

"ఏమిటి మెరుగైంది, గీజరా?"

నాన్న టార్చి ఆర్పి కళ్లజోడు తుడుచుకున్నారు. అమ్మ ఆ తొలి ప్రతిని నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్లింది.

తెల్లవారి నాన్న వాకింగ్‌కి వెళ్లగానే గేటు దగ్గర స్కూటర్ ఆగింది. పాత విద్యార్థి దిగాడు. వెనకే మాణికేశ్వర్ నగర్ నుంచి ఇద్దరు మనుషులు గునపాలు, బొగ్గు బస్తా, ఉప్పు బస్తాతో ఆటో దిగారు. ఎర్తింగ్ గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ నింపడానికి అమ్మే ఫోన్ చేసి పిలిపించింది. ఆమె నన్ను పెరటి గుమ్మం దాకా తోసి, గొంతు తగ్గించి చెప్పింది.

"వెళ్లి చోటు చూపించు. మీ నాన్నగారు వచ్చేలోగా బాగా లోతుగా తవ్వమను, పైపైన తవ్వితే పూడ్పించి మళ్లీ చర్చ పెడతారు."