దవాఖానా పక్కన పెద్దమ్మ పొయ్యి

పెద్దమ్మ పోయిందన్న కబురు, దవాఖానా ప్రహరీ పక్కన పొయ్యి ఊదుతుండగా నాకు అందింది. పొగకు కళ్లు మండి అప్పటికే నీళ్లు కారుతున్నాయి. చెప్పడానికి వచ్చిన మా చెల్లెలికి నేను ఏడుస్తున్నానో లేదో తెలిసి ఉండదు.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. మా అడవి పల్లెలో పక్కిల్లు. భర్త పోయాక తునికాకు, ఇప్పపువ్వు ఏరుకొని ఒంటరిగా బతికేది. ఊళ్లో ఎవరికి జబ్బు చేసినా పట్నం దవాఖానాకు తోడు మాత్రం ఆమే. నల్లబడ్డ సత్తు గిన్నె, చీరల మూట పట్టుకొని, ఎవరూ పిలవకముందే ఆటో ఎక్కి కూర్చునేది.

పోయిన వానాకాలం మా చెల్లెలికి జ్వరం తలకెక్కింది. ఒంట్లో రక్తం లేదు, ఎక్కించాలి, ఇచ్చేవాళ్లను తెచ్చుకోండి అన్నారు. నాకు ఒళ్లు మండింది. వైద్యం దానం కాదు, హక్కు అని కరపత్రాల్లో చదివిందంతా అక్కడున్న నర్సమ్మ మీద అరిచాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ నా అరుపుకు ఒక్క చుక్క రక్తం రాలేదు. పెద్దమ్మ నా చొక్కా పట్టుకొని బయటికి లాక్కొచ్చి పొయ్యి ముందు కూర్చోబెట్టింది.

"కోపం మంచిదే బిడ్డా. అరిచే ఊపిరి ఉన్నది కద, పొయ్యి ఊదు."

నేను ఊదుతుంటే ఆమె వరండా అంతా తిరిగింది. అది ఆమె పద్ధతి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, ఎవరి మూట దగ్గర వాళ్లు ముడుచుకొని కూర్చున్న మనుషులను తలా గుప్పెడు బియ్యం అడిగేది. లేవన్నవాళ్లను చిటికెడు ఉప్పు వేయమనేది. తల్లికి బాగాలేక మణుగూరు నుంచి వచ్చిన బొగ్గుబాయి కార్మికుడు, తన గిన్నె తనకుందన్నాడు.

"నీ గిన్నెకు గిట్ట జ్వరమొచ్చిందా ఏంది, గంత దూరం పెట్టినవ్?"

ఆయన నవ్వాపుకోలేక బియ్యం వేశాడు. కొడుకుతో కల్లూరు నుంచి వచ్చిన ఒకమ్మ కళ్లు మూసుకొని యేసయ్యకు ప్రార్థన చేసి పప్పు పోసింది. అందరూ తిన్నాక, గిన్నె తోముతూ పెద్దమ్మ మెల్లగా అడిగింది.

"మన గింజలన్నీ ఒక్క గిన్నెల ఉడికినయ్. ఇగ లోపలున్న పిల్ల ఎవల పిల్ల?"

బొగ్గుబాయి ఆయన లేచాడు. కల్లూరమ్మ కొడుకు లేచాడు. ఇద్దరి రక్తమూ సరిపోయింది. చెల్లెలు బతికింది. ఆ తర్వాత బొగ్గుబాయి ఆయన తల్లి బతకలేదు. ఆమె శవం వెంట వరండా అంతా గేటు దాకా నడిచింది.

ఈసారి జబ్బు పెద్దమ్మకే. రొమ్ము నిండా నెమ్ము. వాగు పొంగి దారి తెగితే, మంచానికి కర్రలు కట్టి మోసుకొచ్చాం. పడక ఖాళీ లేక వరండాలో నేల మీద పడుకోబెట్టారు. ఇక్కడ కాదు, ఇంకా పెద్ద దవాఖానాకు తీసుకుపోవాలన్నారు. బండి కోసం చూస్తున్నాం. ఆ ఆయాసంలోనే ఆమె నన్ను పొమ్మని చేయి ఊపింది.

"ఈడ కూసోని ఏం జేస్తవ్? పొయ్యి ముట్టియ్యి. గాళ్లు తిన్నరో లేదో."

ఆ "గాళ్లు" ఎవరో ఆమెకు తెలియదు. ఆమె ఎవరో వాళ్లకూ తెలియదు. అయినా నేను గుప్పెడు బియ్యం అడిగితే కాదనలేదు. పర్ణశాల వైపు నుంచి ఫిట్స్ వచ్చిన పాపను తెచ్చుకున్న అక్క ముందుగా వేసింది. ఒక ముసలాయన పెద్దమ్మ పక్కన కూర్చొని తువ్వాలతో విసిరాడు. గేటు దగ్గర ఏ హారన్ మోగినా వరండాలో అందరి తలలూ అటే తిరిగేవి. మా బండి రాలేదు. కబురు వచ్చింది.

నేను చదివిన కరపత్రాల్లో అబద్ధం లేదు. పడక ఉండాలి, బండి ఉండాలి, వాగు మీద వంతెన ఉండాలి. అవేవీ లేని చోట ఒక సత్తు గిన్నె ఎంతమందిని కాపాడుతుంది? చదువుతున్న మిమ్మల్నే అడుగుతున్నాను.

మా వైపు మనిషి పోతే శవం లేచేదాకా పొయ్యి వెలగకూడదు. కట్టెలు బయటికి లాగి నీళ్ల చెంబు అందుకున్నాను. పర్ణశాల అక్క నా చేయి పట్టుకుంది.

"ఆర్పకు తమ్మీ. మా పాప ఇంక లోపల్నే ఉన్నది."

చెంబు కింద పెట్టాను. కట్టెలు మళ్లీ లోపలికి తోశాను. అటు వరండాలో ముసలాయన, అంతసేపూ విసిరిన తువ్వాలనే పెద్దమ్మ ముఖం మీద కప్పుతున్నాడు. ఇటు గిన్నెలో అందరి బియ్యం సగం ఉడికి ఆగిపోయి ఉన్నాయి. వానకు తడిసిన కట్టెలు. వంగి ఊదాను. పొగే వచ్చింది. మళ్లీ ఊదాను.